లీటరుకి ఇరవై రెండు

మార్చి 3, సోమవారం

ఇవాళ ఏడో బాటిల్ కూడా ఫెయిలైంది.

ల్యాబ్‌లో నా పని ఇదే. కారుని రోలర్ల మీదికి ఎక్కించి, బెల్టులతో కట్టేసి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, చక్రాలు తిరుగుతుంటే ఎంత పెట్రోలు తాగిందో మిల్లీలీటర్లలో చూడటం. కారు నాలుగు గంటలు పరిగెడుతుంది. ఎదుటి గోడ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నా బతుకూ ఈమధ్య అలాగే ఉంది. ముందు మామూలు పెట్రోలుతో ఒక పరుగు, తర్వాత బాటిల్లోని మందు కలిపి ఒక పరుగు. మైలేజీ ముప్పై శాతం పెరుగుతుందని మీద అచ్చేసుకున్న బాటిల్ ఇచ్చిన రీడింగ్ లీటరుకి 15.1 కిలోమీటర్లు. ఏమీ కలపకుండా వచ్చిందీ 15.1.

రిపోర్టు మీద సంతకం పెడుతూ మా ల్యాబ్ హెడ్ మేడమ్ అన్నారు: ఇంజన్ తనకందిన పెట్రోలుని దాదాపు చుక్క మిగల్చకుండా కాలుస్తుంది, ఇంక ఈ నీళ్ళ సీసా కొత్తగా ఏం కాలుస్తుందమ్మా, అని. ఎక్స్‌ట్రా కిలోమీటరు వచ్చిందంటే అది ఎక్కడి నుంచో రావాలి కదా, అని.

ఇంటికొచ్చేసరికి మెకానిక్ బాబాయి హాల్లో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. నాన్నకి పాతికేళ్ళ స్నేహితుడు. మా కారుకి ఆయన విప్పని బోల్టు లేదు. టీపాయ్ మీద అదే బాటిల్. నీలం మూత, లోపలేముందో కనిపించని తెల్ల ప్లాస్టిక్కు. షెడ్‌లో కొత్తగా అమ్ముతున్నాడట. నాన్న పోయించుకుని పది రోజులైందట. బండి పద్దెనిమిదేళ్ళ కుర్రాడిలా లాగుతోందట.

నాకు నవ్వాగలేదు. నాన్నా, ఆయనా ముఖాలు మాడ్చుకున్నారు.

మార్చి 5, బుధవారం

నవ్వి తప్పు చేశాను. ఇప్పుడది పంతమైంది.

నాన్నది ముప్పై ఒక్కేళ్ళ డ్రైవింగ్. మొదట టాక్సీ, ఇప్పుడు రక్త పరీక్షల శాంపిళ్ళు. ఊరి చివరి క్లినిక్కుల్లో చల్లటి డబ్బాలు తీసుకుని పెద్ద ల్యాబుకి చేర్చాలి. రోజూ ఒకటే దారి, ముప్పై అయిదు కిలోమీటర్లు, పక్క సీట్లో మనుషులుండరు. జనవరిలో ఒకసారి పచ్చలైటు దగ్గర ఆగిపోయి, వెనక హారన్ల గోల మొదలయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ఇంకోసారి మా గేటు ముందే. అమ్మ అద్దం మీద కొట్టి కొట్టి పిలిస్తే, వచ్చేశామా, అన్నాడు. స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టరు మాత్రలు రాసి, డ్రైవింగ్ మానేస్తే బెటర్ అన్నాడు. నాన్న దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. బెటర్ అన్నాడు గానీ వద్దనలేదుగా, అంటాడు.

ఇప్పుడు బాటిల్ ఒకటి తోడైంది. బండి బాగుందంటే నేను బాగున్నట్టే కదే, అంటున్నాడు. అమ్మ వంటింట్లోంచి, ఆ మందేదో నువ్వే తాగరాదూ, అంది.

జూన్‌లో నేను హాస్టల్లో చేరాలి. వేరే ఊళ్ళో పై చదువుకి సీటు వచ్చింది. కానీ ఈ మనిషి స్టీరింగ్ ముందున్నంత కాలం నేను ఊరు దాటలేను. అందుకే పందెం వేశాను. బాటిల్ పనిచేస్తుందో లేదో నేను పద్ధతి ప్రకారం టెస్ట్ చేస్తాను. పనిచేయదని తేలితే తాళం నా చేతికివ్వాలి. పనిచేస్తే జన్మలో డ్రైవింగ్ మాటెత్తను.

నాన్న వెంటనే సరేనన్నాడు. ఫలితం నాకు ముందే తెలుసు కాబట్టి కొంచెం సిగ్గుగా ఉంది.

మార్చి 9, ఆదివారం

టెస్ట్ మొదలు. ఒకే బంకు, ఒకే పంపు, కారు ముఖం ఒకే వైపు. నాజిల్ మొదటిసారి టక్కుమనగానే ఆపేయాలి, ఆ తర్వాత ఒక్క చుక్క పోయకూడదు. వచ్చే ఆదివారం మళ్ళీ అలాగే నింపితే, పట్టినదే వారం మొత్తం తాగినది. టైర్లలో గాలి నేనే చూశాను. బాటిల్ నాన్న పోశాడు, చంటిపిల్లకి గ్రైప్ వాటర్ పట్టినంత జాగ్రత్తగా.

బాటిల్ అలవాటు కాకముందు ఈ బండి లీటరుకి 14.2 ఇచ్చేది. అది బాబాయీ ఒప్పుకున్న అంకె.

మార్చి 16, ఆదివారం

15.8.

ఏం పర్లేదు. మందు పోశామన్న నమ్మకంతో మనుషులు మెల్లిగా నడుపుతారు. పాదం తేలికైతే మైలేజీ పెరుగుతుంది. పుస్తకాల్లో ఉన్నదే. నాన్నకి చెబితే, నా పాదం ముప్పై ఏళ్ళుగా తేలికే, అన్నాడు.

మార్చి 23, ఆదివారం

17.3. బాబాయి షెడ్‌లో అందరికీ టీ పోయించాడట.

ఇవాళ ఒక పని చేశాను. ఎవరికీ చెప్పలేదు. కొత్త బాటిల్లో ఉన్నదంతా ల్యాబ్ వేస్ట్ డబ్బాలో ఒంపేసి, దాన్నిండా మామూలు పెట్రోలు పోసి మూత బిగించాను. మోసం కాదు. మేమూ ల్యాబ్‌లో అంతే చేస్తాం, ఏది మందో ఏది ఉత్తదో నడిపేవాడికి తెలియకూడదు. నాన్న దాన్ని అంతే జాగ్రత్తగా పోశాడు. చివరి చుక్క రాలేదాకా బాటిల్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

మార్చి 28, శుక్రవారం

నాన్న సన్నబడ్డాడా అని అమ్మని అడిగాను. రోజూ చూసేదాన్ని నాకేం తెలుస్తుందే, అంది. ఉతికిన బట్టలు మడతపెడుతూ, చొక్కా కాలర్ వదులైంది, అంది.

మార్చి 30, ఆదివారం

19.6.

ఉత్త పెట్రోలుకి.

రెండుసార్లు లెక్క చూసుకున్నాను. మూడోసారి కాగితం మీద చేశాను. నాన్న బంకు కుర్రాళ్ళతో జోకులేస్తున్నాడు. మా అమ్మాయి నన్ను ఓడించడానికి చదువంతా ధారపోస్తోంది, అంటున్నాడు. రెండో బాటిల్ పోశాడు. అదీ నేను నింపిందే.

ఏప్రిల్ 6, ఆదివారం

22.4.

నాన్న తాళం గుత్తిని వేలి చుట్టూ తిప్పుకుంటూ నా వైపు చూశాడు. నేను బాటిల్ పోస్తానన్నాను. పోశాను.

సాయంత్రం 6:30

వారానికి 210 కిలోమీటర్లు. మామూలుగా దాదాపు 14.8 లీటర్లు కావాలి. ఈ వారం 9.4 తాగింది. తాగాల్సి ఉండీ తాగని పెట్రోలు అయిదు లీటర్ల పైన. అంటే ఆరు రోజులూ, రోజుకి దాదాపు పదమూడు కిలోమీటర్లు, బండి ఏమీ తాగకుండా నడిచింది.

దానికి ఒకటే దారి ఉంది. పాత డ్రైవర్లు చేసే పని. వాలులో ఇంజన్ ఆపేసి, న్యూట్రల్లో దొర్లించడం. ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ మొరాయిస్తుంది. పందెం గెలవడానికి నాన్న ఇంతకి తెగించాడు. కోపంతో అన్నం సహించలేదు. పందెం వేసింది నేనే కదా.

ఏప్రిల్ 8, మంగళవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆయన దారిలో నిలబడ్డాను. వాటర్ ట్యాంకు దాటాక రోడ్డు మలుపు తిరిగి కిందికి దిగుతుంది. మలుపు దగ్గర టైర్ల కొట్టు. ఆ నీడలో నిలబడ్డాను. కొట్టువాడు పంక్చరా అని అడిగాడు. కాదు, మా నాన్న కోసం, అన్నాను. రోజూ పోయే తెల్ల కారాయనా, అన్నాడు. ఆయన బండి వచ్చినట్టే తెలియదమ్మా, మొన్న మా కుక్క చక్రాల కింద పడబోయింది, అన్నాడు.

మూడూ నలభైకి వచ్చింది. చప్పుడు లేదు. ఇంజన్ చప్పుడు లేకపోవడం నేను ఊహించిందే. టైర్ల చప్పుడు కూడా లేదు. నాన్న రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని తిన్నగా కూర్చున్నాడు. నేను చెయ్యెత్తాను. నన్ను చూడలేదు. నా వైపే చూశాడు, నన్ను చూడలేదు.

రాత్రి భోజనాల దగ్గర నిలదీశాను. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ముప్పై ఒక్కేళ్ళలో బండిని న్యూట్రల్లో దొర్లించిన పాపాన పోలేదు, నువ్వు కూడా ఇంత మాటంటావా, అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెప్పేటప్పుడు నాన్న గడ్డం గోక్కుంటాడు. గోక్కోలేదు.

ఆ మలుపు తర్వాత ఏముంటుంది నాన్నా, అని అడిగాను. ఏముంటుందీ, రోడ్డు, అన్నాడు. వాటర్ ట్యాంకు దాటతాం, ఆ తర్వాత బ్రిడ్జి దిగుతాం, అన్నాడు. మధ్యలో, అన్నాను. వేలితో కంచంలో దారి గీసుకుని, ట్యాంకు దాటితే బ్రిడ్జే కదే, అన్నాడు.

మధ్యలో పదమూడు కిలోమీటర్లు ఉన్నాయి. పది రోజుల కిందట అక్కడ కొత్త సిగ్నల్ పెట్టారు. ఆ సంగతి నాన్నకి తెలియదు. రోజూ దాని కిందనుంచే వెళ్తున్నాడు.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ పక్కన కూర్చుని వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాన్న ఉషారుగా ఉన్నాడు. క్లినిక్కులో ఒక వాచ్‌మన్ కథ మొదలెట్టాడు. ఆ వాచ్‌మన్ ఒక పెద్ద డాక్టరుని ఎవరో తెలియక గేటు దగ్గర ఆపేశాడట. ఆ డాక్టరు, నేనెవరో తెలుసా, అన్నాడట. వాటర్ ట్యాంకు దాటాం. దానికి వాచ్‌మన్ ఏమన్నాడంటే, అన్నాడు నాన్న. అక్కడ ఆగాడు.

ఇంజన్ ఎంత తిరుగుతోందో చూపే టాకోమీటరు ముల్లు సున్నాకి పడిపోయింది. స్పీడు ముల్లు నలభై దగ్గరే ఉంది. వాలు రెండొందల మీటర్లలో అయిపోయింది. అక్కడి నుంచి రోడ్డు సమతలం. తర్వాత బ్రిడ్జి కోసం ఎత్తుకి ఎక్కుతుంది. నలభై తగ్గలేదు. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. నాన్నది వినిపించడం లేదు.

నాన్నా అన్నాను. మళ్ళీ అన్నాను. చేతి మీద చెయ్యి వేశాను. చెయ్యి చల్లగా ఉంది. దాని కింద స్టీరింగ్ వేడిగా ఉంది, జ్వరమొచ్చిన ఒంటిలాగా.

సిగ్నల్ దగ్గర ఎర్రలైటుకి కారు నెమ్మదిగా ఆగింది. లైటు మారాక కదిలింది. నాన్న పాదం ఏ పెడల్ మీదా లేదు. వంగి చూశాను.

బ్రిడ్జి దిగగానే ఇంజన్ గుర్రుమంది. నా పేరే వాడికి తెలియదు, ఇంక మీ పేరేం తెలుస్తుంది సార్, అన్నాడట, అంటూ నాన్న పగలబడి నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నా వైపు చూశాడు. అర్థం కాలేదా, అన్నాడు.

నవ్వాను.

ఎక్స్‌ట్రా కిలోమీటరు ఎక్కడి నుంచో రావాలన్న మేడమ్ మాట తలకెక్కి దిగడం లేదు. మేము బాటిల్ మార్చాం, పెట్రోలు మార్చాం, గాలి చూశాం, పంపు చూశాం. నడిపే మనిషిని లెక్కలో వేసుకోలేదు. ఆ పదమూడు కిలోమీటర్లూ బండి ఏదీ తాగకుండా నడవడం లేదు. నాన్నని తాగుతోంది. మైలేజీ ఎంత పెరిగిందో నాన్న అంత తగ్గుతున్నాడు.

ఈ వాక్యం ఏ రిపోర్టులోనూ రాయలేను.

ఏప్రిల్ 11, శుక్రవారం

నాన్నకి సగమే చెప్పాను. మూడు ఆదివారాలుగా బాటిల్లో ఉన్నది ఉత్త పెట్రోలేనని. అంకెలన్నీ ముందు పెట్టాను. బాటిల్ వల్ల ఏమీ కాదు, నేనే గెలిచాను, అన్నాను.

తిడతాడనుకున్నాను. బాటిల్ని తిప్పి తిప్పి చూశాడు. వాసన తేడాగా ఉందని మొదటిసారే అనుకున్నానే, అన్నాడు. మరైతే ఇంత మైలేజీ ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు. అది నాకు ఇంకా భయంగా ఉంది.

మాటంటే మాటే, అని తాళం తీసి నా అరచేతిలో పెట్టాడు. క్లచ్ కొంచెం మెల్లిగా వదలాలి, దానికి తొందర పడదు, అన్నాడు. అమ్మ లోపలికెళ్ళి కుళాయి తిప్పేసి ఏడ్చింది. సంతోషంతోనే.

ఏప్రిల్ 12, శనివారం

నాన్న పొద్దంతా పేపరు చదివాడు. రెండుసార్లు తిట్టాడు, ఒకసారి ఉప్పు తక్కువైందన్నాడు. కథ అయిపోయిందనుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 11:40

బస్సులో రాస్తున్నాను.

కారు అమ్మేద్దామని బయల్దేరాను. కొనేవాడు బ్రిడ్జి అవతల ఉంటాడు. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో టీ తాగుతూ చెయ్యి ఊపాడు. పది కిలోమీటర్లు మామూలుగానే వచ్చాను. వాటర్ ట్యాంకు దాటగానే చప్పుడు పోయింది. టాకో సున్నా. స్పీడు నలభై. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఒకటే. నాకు ఏమీ కాలేదు, అన్నీ తెలుస్తున్నాయి. అప్పుడు ఫోన్ మోగింది.

అమ్మ. మీ నాన్న కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడే, అంటోంది. టీ అంతా ఒళ్ళో ఒలికిపోతోంది, పొగలు కక్కే టీ, అయినా ఉలకడం లేదు, అంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయట. రెండు చేతులూ స్టీరింగ్ పట్టుకున్నట్టు గాల్లోకి లేచి ఉన్నాయట, కప్పుతో సహా.

బ్రేకు తొక్కాను. కారు ఆగింది. ఫోన్లో నాన్న గొంతు. ఎవరే నా మీద టీ పోసింది, అంటున్నాడు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పను. నేను టెస్టింగ్ మనిషిని. ఒక్క రీడింగ్‌తో ఏదీ తేల్చకూడదని నాకు నేర్పారు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, మళ్ళీ తాళం తిప్పాను. యాభై మీటర్లు నడిపాను. అమ్మ మళ్ళీ నాన్నని పిలవడం మొదలెట్టింది. ఆపాను.

ఈసారి తేరుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తేరుకున్నాక, అమ్మాయి స్కూలు నుంచి ఎన్నింటికొస్తుంది, అని అడిగాడు.

కారుని తోయించి టైర్ల కొట్టు ముందు వదిలేశాను. తాళం నా దగ్గరే ఉంది. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం 5:00

నాన్న నన్ను గుర్తుపట్టాడు. కానీ నేనింకా స్కూల్లోనే ఉన్నాననుకుంటున్నాడు. తొడ మీద బొబ్బలకి అమ్మ మందు రాసింది.

కారేదని అందరూ అడుగుతారు కదా. బ్రేకులు పోయాయని చెప్పాను. రేపు టోయింగ్ వాళ్ళని పిలిచి, ఇంజన్ ఆన్ చేయకుండా మోయించుకొచ్చి, ఆ ఇంజన్ ముక్కలు ముక్కలుగా విప్పించేస్తాను. టోయింగ్ నంబర్ దొరికింది. పొద్దున్న పదకొండుకి వస్తామన్నారు.

ఏప్రిల్ 14, సోమవారం, ఉదయం 10:15

నాన్న మాట్లాడటం లేదు. తొమ్మిదిన్నర నుంచి.

తొమ్మిదింటికి మెకానిక్ బాబాయి అమ్మకి ఫోన్ చేశాడట. నేను అప్పుడు స్నానం చేస్తున్నాను. బ్రేకులు పోయి కారు టైర్ల కొట్టు దగ్గర ఉందని రాత్రి నాన్నే ఆయనకి చెప్పాడట. పిల్లకెందుకు వదినా శ్రమ, కారు తాళాలు మార్చినప్పటి రెండో తాళం నా దగ్గరే ఉందిగా, అన్నాడట. బ్రేకులు చూశాడట, లక్షణంగా ఉన్నాయట. అమ్మాయి కావాలనే బాటిల్‌కి చెడ్డపేరు తెస్తోంది, ఇవాళ దీని సంగతి తేల్చేస్తా, అన్నాడట. ఫుల్ ట్యాంకు కొట్టించి, రెండు బాటిళ్ళు పోసి, ట్యాంకు పూర్తిగా అయిపోయేదాకా నడిపి చూసి గానీ రానన్నాడట.

అమ్మ నవ్వుతూ చెప్పింది. నాన్న అప్పటికింకా పేపరు పట్టుకునే ఉన్నాడు.

మధ్యాహ్నం 1:00

పదహారు కాల్స్. ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోడు బాబాయి. నాన్నకి ఆ అలవాటు నేర్పింది ఆయనే.

టైర్ల కొట్టువాడు, బంకువాళ్ళు, క్లినిక్కు, అందరికీ చేశాను. తెల్ల కారు చప్పుడు ఎవరూ వినలేదు, ఎటు వెళ్ళిందో తెలియదన్నారు. అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరు నాన్న కళ్ళల్లో లైటు వేసి చూసి, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, అన్నాడు.

సాయంత్రం 4:50

నాన్న రెప్ప వేశాడు. నా ముఖంలోకి చూసి, ఇంకా ఎంత దూరం, అన్నాడు.

అదే నిమిషంలో బాబాయి మెసేజ్. టీకి ఆగానమ్మా, పొద్దుటి నుంచి పెట్రోలు ముల్లు చుక్క కూడా కదల్లేదు, మళ్ళీ బయల్దేరుతున్నా, అని. కింద నవ్వే బొమ్మ.

నేను కాల్ నొక్కేలోగా నాన్న రెండు చేతులూ మెల్లిగా పైకి లేచాయి.